మాత్ర వేసుకునే విశ్వాసి మీద రాళ్లు వేయకండి



ఈ మధ్య కూటాల్లో ఒక రకం సాక్ష్యం తరచుగా వింటున్నాం. "ప్రార్థన చేయించుకున్నాను, నరాల మాత్రలు చెరువులో పారేశాను" అంటారు. సంఘమంతా హల్లెలూయ అంటుంది. అవే మాత్రలు సంచిలో పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్న చెల్లెమ్మ మాత్రం తల దించుకుంటుంది. ఆమె పక్షాన ఈ మాటలు రాస్తున్నాం.

ఉద్దానం సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మీరే చూశారు. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా అసలు కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, దేవునికి స్తోత్రం. కానీ రోగి బతుకు చూడండి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగేసి గంటలు. నీళ్లు కొలుచుకుని తాగాలి. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాడు, పొటాషియం పెరుగుతుందని కొబ్బరినీళ్లు మానుకోవాలి. పని పోయింది, అప్పు పెరిగింది. అలాంటి మనిషి మనసు కుంగితే దాన్ని అవిశ్వాసం అనడానికి మనకు నోరెలా వస్తుంది?

మందు వద్దనేవారు ఆసా రాజును చూపిస్తారు. 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయం మళ్లీ చదవండి. ఆయన దేవుణ్ణి విడిచిపెట్టి వైద్యులను వెదికాడు. తప్పు విడిచిపెట్టడంలో ఉంది. హిజ్కియాకు దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. వాగ్దానమూ మందూ ఒకే గదిలో ఉన్నాయి. కడుపు జబ్బుతో ఉన్న తిమోతికి పౌలు ఏం తీసుకోవాలో చెప్పాడు గాని, నీ విశ్వాసం తక్కువని తిట్టలేదు. త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. ఇక ఏలీయా చావునే కోరుకున్నాడు. దేవుడు ముందుగా అతనికి పంపింది గద్దింపు కాదు, రొట్టె, నీళ్లు, నిద్ర. అదీ రెండు సార్లు.

మందు వద్దనే బోధకులను ఒక్క మాట అడుగుతాం. డయాలసిస్ మానేయమని మీరు ఎవరికైనా చెబుతారా? చెప్పరు, చెబితే నాలుగు రోజుల్లో మీ మాట పరీక్షకు నిలుస్తుంది. మీరే కళ్లద్దాలు పెట్టుకుని వాక్యం చదువుతారు, షుగర్ మాత్ర వేసుకుని ప్రసంగానికి వస్తారు. మెదడు కూడా దేవుడు చేసిన అవయవమే. దానికి మాత్రం మందు పాపమని ఎక్కడ రాసి ఉంది?

అలాగని మాత్రే సర్వస్వం అనేవారితోనూ మేము ఏకీభవించం. అలసట, నిద్రలేమి, ఆకలి లేకపోవడం డిప్రెషన్‌లోనూ ఉంటాయి, కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి, రక్తం తగ్గినా అలసట వస్తుంది. రెండు నిమిషాలు చూసి చీటీ రాస్తే ఏది ఏదో తేలదు. మందు కూడా అందరికీ ఒకేలా పనిచేయదు. డయాలసిస్ దాకా రాని 201 మంది కిడ్నీ రోగులను 12 వారాలు పరిశీలించి 2017లో అమెరికా వైద్యులు ఫలితం ప్రకటించారు. సెర్ట్రలిన్ అనే మాత్రకు, మందు లేని ఉత్తి మాత్రకు తేడా కనబడలేదు. వికారం, విరేచనాలు మాత్రం ఎక్కువయ్యాయి. 2019లో డయాలసిస్ రోగుల మీద వచ్చిన మరో పరిశీలనలో అదే మాత్ర మాటల చికిత్స కంటే కొంత మెరుగ్గా పనిచేసింది, దుష్ప్రభావాలు కూడా ఎక్కువే కనిపించాయి. కాబట్టి తూచి చూడాలి. తూచడం అవిశ్వాసం కాదు, వివేకం.

ఏమి తూచాలి? ఈ మాత్రల ఫలితం కనబడడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. వికారం, తలనొప్పి లాంటివి మొదటి వారాల్లోనే వచ్చి చాలామందిలో తగ్గిపోతాయి. దాంపత్య జీవితంలో కలిగే ఇబ్బంది నిలిచి ఉండవచ్చు, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. అమిట్రిప్టిలిన్ నోరు ఎండబెడుతుంది. నీళ్లు కొలిచి తాగేవాడికి అది చిన్న బాధ కాదు. గుండె జబ్బు ఉన్నవారికి దానితో జాగ్రత్త అవసరం. డులోక్సెటిన్ షుగర్ వల్ల వచ్చే కాళ్ల మంటలకు కూడా ఇస్తారు గాని, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి తగదు. సెర్ట్రలిన్ రకం మాత్రలకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అసలే ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకు శత్రువులు. పెద్దవయసువారిలో రక్తంలో సోడియం పడిపోవచ్చు. 25 ఏళ్ల లోపువారికి మొదలుపెట్టిన కొత్తలో చనిపోవాలనే ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, ఇంట్లోవారు కనిపెట్టి ఉండాలి.

అందుకే పాత చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్లకండి. మీరు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి కిడ్నీ డాక్టరుకూ మానసిక వైద్యునికీ చూపించండి. మందు పడకపోతే మార్చమని, మోతాదు తగ్గించమని అడగండి. అడిగే హక్కు మీది. ఒక్కసారిగా మాత్రం ఆపకండి. ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండడం, చిరాకు రావచ్చు. కూటంలో మాత్రలు పారేసినవారు ఆ తర్వాత రాత్రులు ఎలా గడిపారో ఏ సాక్ష్యంలోనూ వినబడదు.

సంఘ పెద్దలారా, మైకు మీ చేతిలో ఉంది. మందు మానడాన్ని సాక్ష్యంగా చెప్పనివ్వకండి. డయాలసిస్‌కు వెళ్లేవాడికి తోడుగా ఒకరిని పంపండి, తిరిగి వచ్చేసరికి ఆ ఇంట్లో గంజి కాచి ఉంచండి. ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. మాత్ర వేసుకునే చేతిని పట్టుకుని ప్రార్థించమంటున్నాం. ఎవరికైనా చావాలనిపిస్తే ఆదివారం దాకా ఆగకండి. 14416కు, అంటే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నలిగిన రెల్లును విరవని ప్రభువు మన నాలుకలకు కూడా ఆ మృదుత్వం నేర్పించును గాక. ఆమేన్.