పదేళ్లు నిద్రపోయిన జీవో 69: మక్తల్‌కు లెక్క చెప్పేదెవరు?

మక్తల్: కృష్ణానది తెలంగాణలో అడుగు పెట్టేది ఈ నియోజకవర్గంలోని తంగిడి వద్దనే. భీమా వచ్చి కృష్ణలో కలిసేదీ అక్కడే. రెండు నదులు గుమ్మంలో ఉండి కూడా ఎగువ గ్రామాల రైతు కందిచేను వానమీద వేసి, బోరు ఎండితే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబయికో పుణెకో బండి ఎక్కవలసి రావడం శోచనీయం. శాసనసభ్యుల పనితీరును కొలవాలంటే ఈ ప్రాంతంలో దీనికి మించిన కొలబద్ద లేదు.

నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల పథకానికి 2014 మే 23న జీవో 69 ద్వారా ప్రభుత్వ అనుమతి లభించింది. జూరాల వెనుక జలాలను ఎత్తి మక్తల్, నారాయణపేట, కొడంగల్ ప్రాంతాలలో సుమారు లక్ష ఎకరాలకు అందించాలన్నది ఉద్దేశం. అంచనా దాదాపు 1,450 కోట్ల రూపాయలు. పది రోజులలో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. కాగితం కొత్త ప్రభుత్వం చేతికి వచ్చింది. పని మాత్రం మొదలు కాలేదు.

ఆ భూములకు పాలమూరు-రంగారెడ్డి పథకం ద్వారానే నీరిస్తామని ఆనాటి ప్రభుత్వం సమాధానం చెప్పింది. 35,200 కోట్ల అంచనాతో ఆ పెద్ద పథకానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. నార్లాపూర్ వద్ద మొదటి పంపు తిరిగింది 2023 సెప్టెంబరు 16న. అంటే ఎనిమిదేళ్ల తరువాత. అప్పటికి నారాయణపేట వైపు చేలలో దాని నీటి చుక్క పడలేదు. పెద్ద పథకం వస్తుందని చిన్న పథకాన్ని పక్కన పెట్టడం, కోడె వస్తుందన్న ఆశతో ఉన్న ఎద్దును అమ్ముకున్నట్లయింది.

ఈ కాలమంతా మక్తల్‌కు ప్రాతినిధ్యం వహించినవారు శ్రీ చిట్టెం రామ్మోహన్ రెడ్డి. 2014లో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. ఆ తరువాత తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి, 2018లో ఆ పార్టీ తరఫున మళ్లీ గెలిచారు. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ఆయన చేయగలిగింది పరిమితమే అనుకుందాం. కాని పక్షం మారే సభ్యులందరూ చెప్పే కారణం ఒక్కటే: నియోజకవర్గ అభివృద్ధి. అధికార పక్షంలో చేరిన తరువాత కూడా జీవో 69 కదలలేదంటే, ఆ మార్పువల్ల మక్తల్ రైతుకు ఒరిగినదేమిటని అడిగే హక్కు ఓటరుకు ఉన్నది.

ఆ పదేళ్లలో అసలేమీ జరగలేదనడం అన్యాయం. భీమా ఎత్తిపోతల ద్వారా సంగంబండ, భూత్పూర్ జలాశయాలలోకి నీరు వచ్చింది. దిగువ గ్రామాలలో వరి పెరిగింది. ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. అయితే అదే సంగంబండ ఎడమ కాలువకు అడ్డుగా ఉన్న బండ, నష్టపరిహారం తేలక, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. 2024లో గాని దానిని పగలగొట్టలేదు. వేల కోట్ల పథకాల ప్రకటనల మధ్య ఒక బండను తొలగించే ఓపిక లేకపోయింది.

ఆలస్యానికి ధర ఎవరు చెల్లిస్తారు? 2024 ఫిబ్రవరి 21న ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి కోస్గిలో మక్తల్-నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. అప్పటి అంచనా 2,945 కోట్లు. పథకం స్వరూపం కొంత మారింది, నీరు ఇప్పుడు భూత్పూర్ జలాశయం నుంచి తీసుకుంటారు. కాబట్టి పెరిగినదంతా ఆలస్యం ఫలితమేనని చెప్పలేము. అయినా వ్యత్యాసం దాదాపు 1,495 కోట్లు. 2021లో ఒక్కో శాసనసభ్యుని నియోజకవర్గ అభివృద్ధి నిధిని ఏడాదికి 3 కోట్ల నుంచి 5 కోట్లకు పెంచారు. ఆ లెక్కన ఈ వ్యత్యాసం మక్తల్‌కు మూడు వందల సంవత్సరాల నిధితో సమానం. వీధిలో సిమెంటు రోడ్డు వేసి కొబ్బరికాయ కొట్టే సభ్యుని చూసి సంతోషించే ఓటరు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

2023లో ప్రజలు తీర్పు చెప్పారు. శ్రీ వాకిటి శ్రీహరి గెలిచారు, 2025 జూన్‌లో మంత్రి కూడా అయ్యారు. అధికార పక్షం, మంత్రి పదవి, కొడంగల్ నుంచే గెలిచిన ముఖ్యమంత్రి, అన్నీ కలిసివచ్చాయి. పాత సభ్యునికి పట్టిన కొలబద్దనే ఈయనకూ పట్టాలి. ఇక సాకు చెప్పుకునే వీలు తక్కువ. శంకుస్థాపన పని కాదు. భూమి ఇచ్చే రైతుకు న్యాయమైన పరిహారం సకాలంలో ముట్టకపోతే మరో సంగంబండ తయారవుతుంది.

మంజూరు, విడుదల, ఖర్చు అనే మూడు మాటలకు తేడా ఉన్నది. సభలలో వినిపించేది మొదటి మాట. పొలానికి నీళ్లు తెచ్చేది మూడవది. ఏడాదికొకసారి ప్రతి మండల కేంద్రంలో ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, ఎన్ని ఎకరాలు తడిసాయి అన్నది బోర్డుమీద రాసి పెట్టించడం శాసనసభ్యుని కనీస ధర్మం. ఆయన పెట్టించకపోతే గ్రామస్థులే అడగవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. ముంబయి బండి టికెట్టుకంటే అది చౌక.