చీకటి పడితే బండి విప్పాలి

మా అల్లుడు డల్లాస్ నుంచి దిగిన రెండో రోజే బాంబు పేల్చాడు. "మామయ్యా! ఈసారి మనమంతా ఆర్వీ ట్రిప్ వేద్దాం!"

ఆర్వీ అంటే ఏమిటో ఫోన్లో ఫొటోలు చూపించాడు. పైకి బస్సే. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, ఆఖరికి బాత్‌రూమ్ కూడా! కిందటి వేసవిలో వాళ్లు అందులోనే ఎల్లోస్టోన్ పార్కు చూసొచ్చారట. 1872లో ఏర్పడిన ఆ పార్కు ప్రపంచంలోనే మొదటి జాతీయ పార్కు అని మా మనవరాలు గడగడా అప్పజెప్పింది.

మా అమ్మ కళ్లజోడు సవరించుకుని ఫొటో చూసింది. "ఇదేముంది నాయనా, మా గూడు బండి" అని తేల్చేసింది. ఆవిడకు ఎనభై రెండేళ్లు.

నరసరావుపేటలో ఆర్వీ ఎక్కడినుంచి తెస్తాం? టెంపో ట్రావెలర్ మాట్లాడాం. వెనక సీటు పొడవునా పరుపు వేసి అమ్మకు పడక అమర్చాం. ఐసుపెట్టె, నీళ్ల డబ్బాలు, రెండు చాపలు, పులిహోర, పెరుగన్నం ఎక్కించాం. బాత్‌రూమ్ సంగతి పెట్రోలు బంకులకు వదిలేశాం. మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా రాత్రికి శ్రీశైలం చేరడం, మర్నాడు దర్శనం చేసుకుని తుమ్మలబైలులో జీపెక్కి నల్లమల అడవి చూడటం... ఇదీ మా పథకం.

డిసెంబరు నెల. పొద్దున ఎనిమిదికల్లా బయల్దేరాలనుకుని పదింటికి కదిలాం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటాక రోడ్డుకు రెండు పక్కలా విచ్చిన పత్తి, పచ్చటి మిరప చేలు. కారెంపూడిలో వీరుల గుడి కనిపించగానే అమ్మ బండి ఆపమంది. దణ్ణం పెట్టుకున్నాక పక్కనే చెట్టు కింద చాపలు పరిచాం. డ్రైవర్ కుర్రాడు తన పొట్లం పట్టుకుని అవతలికి వెళ్లబోయాడు.

"ఎక్కడికయ్యా? బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించిన సీమ ఇది. ఇక్కడికొచ్చి విడిగా తింటావా?" అని గదమాయించింది అమ్మ. పన్నెండో శతాబ్దపు చాపకూడు కథ ఆ కుర్రాడికీ తెలుసు. నవ్వి, మా అల్లుడి పక్కనే కూర్చున్నాడు.

మాచర్లలో చెన్నకేశవుడి దర్శనం అయింది. గుడి దగ్గర వయ్యారంగా పారే చంద్రవంకను చూసి, "ఈ నీళ్లే ఎత్తిపోతల దగ్గర డెబ్బై అడుగుల కిందికి దూకుతాయి" అన్నాను. నోరు మూసుకుంటే పోయేది! మనవరాలు చూడాల్సిందేనంది. శ్రీశైలం దారి వదిలి సాగర్ వైపు వెళ్లాం. జలపాతం, దాని దిగువన మొసళ్లు చూసి మళ్లీ మాచర్ల వచ్చేసరికి పొద్దుగూకింది. అది చాలదన్నట్టు ఎర్రగొండపాలెం ఇవతల టైరు పంక్చరైంది. అల్లుడు నిమిషానికోసారి గడియారం చూసుకోవడం మొదలెట్టాడు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే అడవి దారిని రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ తెల్లవారి ఆరింటికే తెరుస్తారు.

మేం గేటు చేరేసరికి తొమ్మిదీ ఇరవై.

అల్లుడు దిగి వెళ్లాడు. "ముసలావిడ ఉన్నారు, చిన్నపిల్ల ఉంది, ఇరవై నిమిషాలేగా" అంటూ బతిమాలాడు. కాపలా కుర్రాడు చెంచు యువకుడట. కుదరదన్నాడు. అల్లుడి చెయ్యి జేబు దగ్గరికి వెళ్లడం నాకు కనిపించింది. ఇక నేనేం చేస్తున్నానంటారా? ఫోన్లో పలుకుబడి గల తెలిసినవాళ్ల నంబరు వెతుకుతున్నాను.

"రాత్రి ఈ రోడ్డు వాటిది సార్" అన్నాడా కుర్రాడు. "లైటు కళ్లలో పడితే దుప్పి కదల్లేదు. అట్టాగే నిలబడిపోద్ది. మీ బండి కింద పడితే పొద్దున తీసేది మేమే."

అప్పుడు మా అమ్మాయి కిటికీలోంచి మెల్లగా అడిగింది. "ఏమండీ, ఎల్లోస్టోన్‌లో అయితే ఇలాగే అడుగుతారా?"

అల్లుడు మాట్లాడలేదు. అక్కడ ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయని తిండి సామాను బయట ఉంచనివ్వరనీ, చిన్న ప్యాకెట్ కూడా మర్చిపోకుండా లోపల పెట్టేవాళ్లమనీ పొద్దున మాకు గొప్పగా చెప్పింది అతనే. పరాయి దేశంలో వేలెత్తి చూపించుకోకుండా నడుచుకుంటాం. మన ఊరు రాగానే మనకో మినహాయింపు కావాలి. అల్లుణ్ని అనడమెందుకు, ఏ దేశమూ వెళ్లని నా చేతిలో ఫోన్ ఏం చేస్తోంది?

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "శివయ్యే చెంచులకు అల్లుడు. ఆయన్ని చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు వీళ్లు. అంతటి అల్లుడి ఇంటికే వేళ దాటి వెళ్లకూడదంటే నీదేముంది నాయనా!"

కాపలా కుర్రాడితో సహా అందరం నవ్వేశాం. అల్లుడు "సారీ తమ్ముడూ" అని వచ్చేశాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

బండి వెనక్కి తిప్పి దోర్నాలలో ఓ టీ బంకు పక్కన, వేపచెట్టు కింద ఆపాం. మిగిలిన పులిహోర తిన్నాం. చలి. అందరం ఒకే దుప్పట్లోకి ముడుచుకున్నట్టు కూర్చుంటే అమ్మ తన ఆర్వీ కథ మొదలెట్టింది. వెదురు దబ్బల గూడు, కింద వరిగడ్డి, దానిమీద జంపఖానా, ఇరుసుకు వేలాడే లాంతరు, ఎడ్ల మెడలో గంటలు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు అలా వెళ్లేవాళ్లట.

"ఎంత తొందరున్నా మా నాన్న చీకటి పడితే బండి విప్పేసేవాడు. ఎడ్లకు కళ్లు కనపడవని కాదు, దారి మనదొక్కరిదే కాదని" అంది.

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడింది. 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణ అవతలి అడవి అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్లింది. ఈ లెక్కలన్నీ మనవరాలికి చెబుదామని చూస్తే అది అప్పటికే తాతమ్మ ఒళ్లో నిద్రపోయింది.

తెల్లవారుజామున గేటు ముందు వరసలో మాది మూడో బండి. మంచులో అడవి నల్లగా కనిపిస్తోంది. సరిగ్గా ఆరింటికి అడ్డకర్ర లేచింది. రాత్రి కుర్రాడే చెయ్యి ఊపాడు. అల్లుడు కిటికీ అద్దం దించి, "లైట్లు తగ్గించు, మెల్లగా పోనీ" అని డ్రైవర్‌తో చెప్పాడు.

పరుపు మీంచి లేచి కూర్చున్న అమ్మ కొప్పు ముడేసుకుంటూ అంది.

"ఇక బండి కట్టండ్రా!"