రెండో రవ్వ

గుంటూరు నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. రాబోయే షవ్వాల్ మాసంలో ఆమె కుమార్తె నికాహ్. తన తల్లిగారి ఒంటిరవ్వ దుద్దులను అమ్మాయికి పెట్టాలని ఆమె కోరిక. అయితే ఆమె వద్ద ఉన్నది ఒక్క దుద్దే. తల్లిగారు మరణించినప్పుడు అక్కాచెల్లెళ్ళు చెరొకటి పంచుకున్నారు. ఇటువంటి పాతకాలపు రాయికి జోడు దొరకదనీ, ఉన్నదానిని కొత్త పద్ధతిలో తిరిగి సానపట్టించి దానికి తగిన కొత్తరాయిని జతచేస్తామనీ ఒక దుకాణం వారు చెప్పారట. ఏమి చేయమంటారని ఆమె అడిగారు. ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది: “అక్క దగ్గర ఉన్నదాని ఊసు ఎత్తలేను.”

మొదట దుకాణం వారి సలహా సంగతి. తిరిగి సానపట్టించవద్దని మా అభిప్రాయం. సానపట్టిన ప్రతిసారీ రాయి బరువు తగ్గుతుంది. పోయిన బరువు తిరిగి రాదు. అంతకుమించి, ఆ రాయికి ఉన్న రూపమే పోతుంది. నేడు మనం దుకాణాలలో చూసే గుండ్రని వజ్రానికి కొలతల లెక్క 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ప్రకటించిన గణితం మీద ఆధారపడి రూపొందింది. అంతకుముందు సాన పనివారు చేతితో, కంటి అంచనాతో, ముడిరాయి ఆకారాన్ని వీలైనంత వృథా చేయకుండా పలకలు తీర్చేవారు. అందుచేత పందొమ్మిదో శతాబ్దపు రాళ్ళు అనేకం మూలలు మెత్తబడిన చతురస్రంలా ఉంటాయి. పైపలక చిన్నది, రాయి ఎత్తు ఎక్కువ, అడుగుకొన మొనదేలక చిన్న పలకగా మిగిలి ఉంటుంది. పైనుంచి చూస్తే నడుమ ఒక చిన్న వలయంలా కనిపిస్తుంది. ఆ శతాబ్దపు చివర యంత్రసాయం వచ్చిన తరువాత గుండ్రని పాత కోతలు వాడుకలోకి వచ్చాయి. ఇవి కొత్తరాళ్ళలా సన్నగా మిలమిలలాడవు. దీపపు వెలుగులో పెద్దపెద్ద మెరుపులు ఒక్కొక్కటిగా విసురుతాయి. ఈ మెరుపును ఇష్టపడేవారు దానిని లోపమని అనుకోరు.

ఇక జోడు దొరకదన్న మాట సగమే నిజం. చేతితో చేసినవి గనుక అచ్చంగా ఒకేలా ఉండే రెండు రాళ్ళు అరుదు. కాని చెవులకు అచ్చు పోసినట్టు ఒకేలా ఉండవలసిన పని లేదు. రెండు చెవుల నడుమ ఒక ముఖం ఉంటుంది. చూసేవారి కన్ను రెండు రాళ్ళనూ పక్కపక్కన పెట్టి కొలవదు.

అయితే బజారుకు వెళ్ళేముందు అక్కగారి ఇంటికి వెళ్ళాలి. ఈ రాయికి లోకంలో ఉన్న సిసలైన జోడు అక్కడే ఉంది. ఊసు ఎత్తలేనని ఆమె ఎందుకన్నారో మాకు తెలియదు, అడగబోము. అడిగే పద్ధతిని గురించి మాత్రం రెండు మాటలు చెప్పగలం. పెళ్ళిపందిట్లో, నలుగురి ముందు, “ఖాలా ఇస్తుందిలే” అని నవ్వుతూ అనిపించి తీసుకోవడం అడగడం కాదు. మొగమాటంతో ఇచ్చినది మనస్ఫూర్తిగా ఇచ్చినది కాదు. ఒకరి సొమ్ము వారి మనసు సమ్మతించనిదే మరొకరికి ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) బోధించారు. ఒంటరిగా కూర్చుని, ధర చెప్పి, కాదనే వీలు ఉంచి అడగాలి.

ఆ ధర ఎంత? ఇక్కడ చాలా కుటుంబాలు గమనించని సంగతి ఒకటి ఉంది. జోడు విలువ రెండు ఒంటి రాళ్ళ విలువల మొత్తం కన్నా సాధారణంగా ఎక్కువ. ఉదాహరణకు ఒక్కొక్క రాయి విడిగా 2 లక్షల రూపాయలు చేస్తుందనీ, జోడుగా 5 లక్షలు పలుకుతుందనీ అనుకుందాం. అక్కకు 2 లక్షలు ఇచ్చి తీసుకుంటే, జత కలవడం వలన పెరిగిన లక్ష అంతా చెల్లెలికే చేరింది. రెండున్నర ఇస్తే ఇద్దరికీ సమంగా అందింది. అక్క తక్కువకు ఇస్తే, లేదా కానుకగా ఇస్తే అది ఆమె ఔదార్యం. కాని లెక్క తెలిసి ఇవ్వాలి.

అసలు పంపకం నాడే ఈ మాట అనుకుని ఉంటే జోడు విడిపోయేది కాదు. ఒకరు జతను తీసుకుని, మిగిలిన వారసులకు వారి వాటా విలువను చెల్లించే పద్ధతి ఫిఖహ్‌లో ఉన్నది. మరొక సంగతి. అన్నదమ్ములు పొలం తీసుకున్నారు, నగలు తమకు వదిలారు అని ఆమె రాశారు. మన ఇళ్ళలో ఇది ఆచారమైపోయింది. తల్లి విడిచిపెట్టిన ఆస్తి స్వల్పమైనా అధికమైనా అందులో స్త్రీపురుషులిద్దరికీ నిర్ణీత వాటా ఉన్నదని దివ్యఖుర్ఆన్‌లోని నిసా సూరా 7వ వచనం చెబుతుంది. దుద్దులలో కొడుకులకూ వాటా ఉంది, పొలంలో కూతుళ్ళకూ వాటా ఉంది. ఎవరి వాటా ఎంతో తెలుసుకున్న పిమ్మట ఇష్టపూర్వకంగా ఇచ్చిపుచ్చుకుంటే అభ్యంతరం లేదు. తెలియనివ్వకుండా చేసేదే అభ్యంతరకరం.

అక్క ఇవ్వకపోతే, ఆమెపై మాట పడనివ్వక, వెతుకులాట మొదలుపెట్టాలి. చేతిలోని రాయిని బంగారం నుంచి విడదీయించి తూకం వేయించండి. ఒక క్యారట్ అంటే గ్రాములో ఐదోవంతు. అయితే బరువు కన్నా వెడల్పు ముఖ్యం. పొడవు, వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో రాయించుకోవాలి. నేటి గుండ్రని క్యారట్ రాయి దాదాపు ఆరున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. లోతు ఎక్కువైన పాతరాయి అదే బరువుకు చిన్నదిగా కనిపిస్తుంది. వెడల్పులో ఒకటి రెండు పదోవంతుల తేడా ఉన్నా చెవిన పెట్టుకుంటే తెలియదు. రూపంలో తేడా మాత్రం తెలుస్తుంది: చతురస్రానికి గుండ్రం జోడు కాదు. అడుగుకొన వలయం ఒకదానికి ఉండి ఇంకొకదానికి లేకున్నా కన్ను పట్టుకుంటుంది. రంగు చూడడానికి దుకాణంలోని దీపాలను నమ్మవద్దు. తెల్లకాగితాన్ని మడిచి, రెండు రాళ్ళనూ పైపలక కిందికి ఉండేట్టు అందులో పెట్టి, ఎండ నేరుగా పడని పగటి వెలుగులో పక్కనుంచి చూడాలి. పాతరాళ్ళలో లేత పసుపు ఛాయ సాధారణం. రెండింటిలోనూ ఒకేలా ఉంటే అది దోషం కాదు.

హైదరాబాదు పాతబస్తీలో పాత నగలు కొనే వర్తకులను, ముంబయిలో జవేరీ బజారును అడగవచ్చు. పాత హైదరాబాదీ కుందన్ నగలలో రాయి వెనుక రేకు ఉంటుంది. ఆ రేకు మెరుపు రాయి రంగును దాచేస్తుంది గనుక, విప్పి చూపనిదే బేరం చేయవద్దు. “ఇది గోల్కొండ వజ్రం” అన్న మాటకు అదనపు ధర కట్టవద్దు. కృష్ణాతీరపు కొల్లూరు గనుల ఖ్యాతి నిజమే. టావెర్నియే పదిహేడో శతాబ్దంలో వాటిని చూసి రాశాడు. కాని 1720ల నుంచి బ్రెజిల్ రాళ్ళు, 1860ల చివర నుంచి దక్షిణాఫ్రికా రాళ్ళు లోకానికి వచ్చాయి. ఒక చిన్న రాయిని చూసి అది కొల్లూరులో పుట్టిందని ఎవరు రుజువు చేయగలరు?

ఈ రోజుల్లో పాత పద్ధతిలోనే కొత్తగా సానపట్టిన రాళ్ళు, ప్రయోగశాలలో తయారైన రాళ్ళు కూడా వస్తున్నాయి. కొలతలిచ్చి అటువంటి రాయిని చేయించుకోవడంలో తప్పేమీ లేదు. జోడు దొరకనప్పుడు అదే మంచి దారి అని మా ఉద్దేశం. కొత్తదానిని పాతదని అమ్మడమే మోసం. వేడితో పరీక్షించే చిన్న పరికరం సహజ వజ్రాన్నీ తయారుచేసిన వజ్రాన్నీ వేరుచేయలేదు. జీఐఏ, ఐజీఐ వంటి ప్రయోగశాలల పత్రం అడగాలి.

ఖైబర్ నాడు హజ్రత్ ఫుజాలా బిన్ ఉబైద్ (ర) బంగారమూ పూసలూ కలిసిన ఒక హారాన్ని 12 దీనార్లకు కొన్నారు. విడదీసి చూస్తే అందులో బంగారమే 12 దీనార్లకు మించి ఉన్నది. విడదీయకుండా అటువంటిది అమ్మరాదని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు సహీహ్ ముస్లిం‌లో ఉన్నది. ఆ ఆదేశం బంగారానికి బంగారం మారకం చేసే సందర్భానిది. అయినా రూపాయలిచ్చి కొనే మనకు కూడా ఆ పద్ధతి మేలు చేస్తుంది: రాయి బరువు వేరు, బంగారం బరువు వేరు, కూలి వేరు, మూడూ రసీదులో విడివిడిగా ఉండాలి. రాయిని బంగారం ధరకు తూచి అమ్మడం ఇప్పటికీ కొన్ని చోట్ల జరుగుతూనే ఉంది.

జోడు వెతకమని మీ రాయిని దుకాణంలో వదలవలసి వస్తే అది అమానత్ అని కాగితం మీద రాయించండి. బరువు, మూడు కొలతలు, అడుగు నుంచీ పై నుంచీ తీసిన ఛాయాచిత్రాలు ఆ కాగితానికి జతచేయాలి. వీలైతే రాయిని ఇంట్లోనే ఉంచుకుని, కొలతలు మాత్రమే పంపండి. పాతరాళ్ళ నడుము అంచు చాలాసార్లు పలుచగా ఉండి తేలికగా పెచ్చులూడుతుంది. కనుక జత కుదిరిన తరువాత, అంచు చుట్టూ బంగారు పట్టీ కప్పి పొదగమని చెప్పండి. వెనుక మర మాత్రం కొత్తది వేయించండి.