పెరటి తోట: మొగ్గలోనే ముప్పు

పద్మనాభం నుంచి ఒక సోదరి వ్రాశారు: “రెండేళ్ళకు మా ఆర్కిడ్ మొగ్గ తొడిగింది. కాని మొగ్గలు పచ్చబడి, విచ్చకుండానే రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?”

మందు మాట తరువాత. ముందు రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడండి. లోపల తెల్లని సన్నపురుగులు మెదులుతున్నాయా? అది మొగ్గ ఈగ పని. హవాయి దీవుల ఆర్కిడ్ తోటలను ఏడిపించిన ఈగ ఇదే. మొగ్గ కొసన గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు లోపలే తిని పెరిగి, కుండీలోకి దూకుతాయి. మొత్తం మూడు నాలుగు వారాలలో మళ్ళీ ఈగలు తయారు! పైన కొట్టిన మందు మొగ్గలోకి అందదు. కనుక చెడిన మొగ్గలన్నీ గిల్లి సబ్బునీళ్ళలో ముంచండి. కుండీ ప్రక్కన పారవేస్తే పురుగును పెంచినట్లే. దగ్గరలో మల్లె ఉంటే దాని మొగ్గలూ చూడండి. వాటినీ ఈ ఈగ వదలదు.

లోపల ఏమీ లేకపోతే, పూకాడను తెల్లకాగితం మీద తట్టండి. నూలుపోగు ముక్కల్లా ప్రాకేవి తామర పురుగులు. చీమల బారు కనబడితే పేనుబంక, పిండినల్లి కోసం వెదకండి. వీటికి ముందు నీళ్ళతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి, వారానికొకసారి సాయంత్రం చల్లండి. విచ్చిన పూలమీద పడనీయకండి.

ఏ పురుగూ లేదా? వడగాలికీ మొగ్గలు రాలుతాయి. కుండీని నీడకు మార్చండి.

రెండేళ్ళు ఎదురుచూసిన మొగ్గను మన చేతితోనే గిల్లడం కష్టమే. కాని ఆ నాలుగూ గిల్లితేనే రాబోయే మొగ్గలు మనకు దక్కుతాయి.