రబ్బరుపొరకు చెక్కుబందులు

పొలము కొనువాడు దస్తావేజులో అమ్మువాని పేరు మాత్రమే వ్రాయించుకొని, సర్వే నంబరును, చెక్కుబందులను విడిచిపెట్టినచో ఆ కాగితము వ్యాజ్యమునకు మూలమగునే గాని హక్కునకు ఆధారము కానేరదు. కోర్టులలో మేము నిత్యము చూచు ఈ సంగతి సైన్యమునకు సామగ్రి కొనువారికిని వర్తించును. ఒక చిన్న వస్తువును నిదర్శనముగా తీసికొందము.

రాడారు యంత్రముల పెట్టెలలోను, ఆంటెన్నాల ప్రక్కలను, పరీక్షాశాలల గోడలమీదను రేడియో తరంగములను పీల్చివేయు పదార్థము నొకదానిని అమర్చుదురు. చూచుటకు అది సన్నని ఇనుపపొడి కలిపిన నల్లని రబ్బరుపొర, లేదా కర్బనము పట్టించిన స్పాంజి. మీద పడిన తరంగము తిరిగిపోకుండ దాని శక్తిని వేడిగా మార్చుట దీని పని. రెండవ ప్రపంచయుద్ధపు చివరి భాగమున జర్మనులు జలాంతర్గాముల గాలిగొట్టములకు ఇట్టి పొరలు తొడిగి శత్రువుల రాడారును తప్పించుకొనజూచిరి.

వస్తువు చిన్నదే, మోసమునకు తావు పెద్దది. 20 డెసిబెల్లు అణచు పొర, మీద పడిన శక్తిలో నూటికి 1 పాలు త్రిప్పికొట్టును. 10 డెసిబెల్లు అణచునది 10 పాళ్లు త్రిప్పికొట్టును. రెండును ఒకే నలుపు, ఒకే మెత్తదనము. పైగా ఒక తరంగమునకు పనిచేయునది మరియొకదానికి పనికిరాకపోవచ్చును. 10 గిగాహెర్ట్జుల తరంగము పొడవు 3 సెంటీమీటర్లు. అందు నాలుగవ వంతు లెక్కించి కట్టిన అమరికలో ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినను గురి తప్పును. గిడ్డంగి గుమాస్తా వ్రేలితో నొక్కి దీనిని కనిపెట్టగలడా? దళారి యెరిగిన రహస్యమిదియే. అమెరికా సెనేటు సైనికవ్యవహారముల సంఘము 2012లో ప్రకటించిన నివేదికలో, నకిలీవని అనుమానింపబడిన ఎలక్ట్రానిక్ భాగముల ఉదంతములు సుమారు 1,800 తేలినవి. భాగములు 10 లక్షలకు మించినవి. అంతటి ధనికరాజ్యమునకే ఆ గతి పట్టినది.

నాటో దేశముల వస్తుపట్టికలో ప్రతి వస్తువునకు 13 అంకెల నంబరు కలదు. మొదటి 4 అంకెలు తరగతిని తెలుపును. ఆంటెన్నాలు మొదలగువాని తరగతి 5985. తరువాతి 2 అంకెలు నంబరిచ్చిన దేశము గుర్తు. ఆ కూటమిలో చేరని మన దేశమునకును 72 అను గుర్తు కలదు. పద్ధతి మంచిదే. అయితే పట్టిక కెక్కించు దారులు రెండు: వస్తులక్షణములను పూర్తిగా వ్రాసి ఎక్కించుట యొకటి, తయారుచేసినవాని సొంత నంబరును ఉదాహరించి ఊరకుండుట రెండవది. ఈ రెండవ దారియే చెక్కుబందులు లేని దస్తావేజు.

విదేశములనుండి వచ్చు భాగములను దేశీయులకు చూపి, చేయగలవారిని పిలుచుటకు 2020 ఆగస్టులో రక్షణశాఖ సృజన్ అను పోర్టలును తెరచినది. సంతోషమే. కాని చర్లపల్లిలో రబ్బరు కార్ఖానా పెట్టుకొన్న వానికి పరదేశపు కంపెనీ నంబరొక్కటి చూపినచో వాడేమి చేయును? ఏ తరంగములకు, ఎంత మందము, ఎన్ని డెసిబెల్లు, ఎంత వేడికి ఓర్చుకొనవలెను, ఏ జిగురు పట్టును అని వ్రాసినచో పోటీకి నిలుచును. లేనిచో ఆ కంపెనీ చెప్పినదే ధర.

రహస్యము బయటపడునని కొందరందురు. విమానముల మీది గుప్తపూతల విషయమున ఆ మాట మేమును ఒప్పుకొందుము. పెట్టెలోపల అంటించు మామూలు పొర గుణములో? వానిని అమ్మువారే తమ ప్రకటనపత్రములలో అచ్చువేయుచున్నారు. మన పట్టికలో మాత్రము దాచుట ఎవరి మేలుకొరకు? 1961 నాటి నుండియు హైదరాబాదులో రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయము కలదు. కొలువగలవారు మనకు లేకపోలేదు. కంపెనీ నంబరుతో మాత్రమే ఎక్కిన పొరలను ముందుగా ఏరి, ఒక్కొక్కదాని తునకను అట్టి పరీక్షాశాలకు పంపి, వచ్చిన కొలతలను పట్టికలో చేర్చవలెను. ఆ తునకలో సగము కార్యాలయములోనే భద్రపరచినచో, రేపు సరకు తెచ్చినవాడు ఇది మునుపటిదే యనినప్పుడు ప్రక్కన పెట్టి చూచుటకు సాక్ష్యముండును.