నత్తనడక జబ్బు

నిన్నటిదాకా చురుగ్గా నడచిన కంప్యూటరు ఒక్కనాడు చతికిలబడితే, దానికి వయసు మళ్లిందని తేల్చేయకండి. ముసలితనం ఒక్కరాత్రిలో రాదు, జబ్బు వస్తుంది. మా ఇంటిల్లిపాదీ కొత్తది కొనాలని తీర్మానించారు. నేను కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజరు తెరిచాను. ఏ పనీ చెప్పకుండానే డిస్కు గడిలో 100 శాతం! అప్‌డేటో, వైరస్ తనిఖీయో అయితే కాసేపటికి సద్దుమణుగుతుంది. గంటలు గడిచినా తగ్గలేదు; పైగా లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. అది హార్డుడిస్కు కొనఊపిరి. మరమ్మతు మాట తరవాత. ముందు పోయిన నాన్నగారి ఫొటోలు, అమ్మాయి ప్రాజెక్టు వేరే డిస్కులోకి ఎక్కించాను. మర్నాడది లేవలేదు. కొత్త ఎస్సెస్డీ వేయిస్తే అదే కంప్యూటరు పరుగులు తీస్తోంది. డిస్కు బజారులో దొరుకుతుంది. నాన్నగారి నవ్వు దొరకదు.