కోఠి గల్లీల్లో పాత ఫ్యూజు బాక్సులు.. మార్చాల్సింది ఎవరు? ఖర్చు భరించేది ఎవరు?

హైదరాబాద్‌లో కరెంటు సామాను ఏది కావాలన్నా ముందు గుర్తొచ్చేది ట్రూప్ బజార్. స్విచ్‌లు, వైర్లు, ఎంసీబీలు.. అన్నీ అక్కడ దొరుకుతాయి. కానీ ఆ షాపులకు కూతవేటు దూరంలోనే సీన్ వేరుగా ఉంటుంది. కోఠి, సుల్తాన్ బజార్, ఆబిడ్స్‌లోని పాత భవనాల్లో మెట్ల కిందకు తొంగిచూస్తే చెక్క బోర్డు, దుమ్ము పట్టిన పింగాణీ ఫ్యూజులు, మూత లేని ఇనుప మెయిన్ స్విచ్ ఇప్పటికీ కనిపిస్తాయి. కింద షాపు, మధ్యలో గోదాము, పైన సంసారం. అందరి కరెంటూ ఆ మూల నుంచే!

2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది ప్రాణాలు పోయాయి. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. 2019 జనవరి 30న నాంపల్లి నుమాయిష్‌లో వందకు పైగా స్టాళ్లు బూడిదైనప్పుడూ మొదట వినిపించింది ఇదే మాట. ప్రతిసారీ 'షార్ట్ సర్క్యూట్' అనే మాటతో చర్చ ముగిసిపోతోంది. షార్ట్ సర్క్యూట్ అయినా కరెంటు వెంటనే ఎందుకు ఆగలేదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటోంది.

లోడ్ పెరిగింది.. బాక్సు మారలేదు

పాత వైరింగ్ వేసిన రోజుల్లో ఇంట్లో రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక రేడియో. 15 ఆంపియర్ల ఫ్యూజు ధారాళంగా సరిపోయేది. ఇప్పుడు లెక్క చూడండి. ఏసీ సుమారు 1500 వాట్లు, గీజరు 2000, ఇస్త్రీ పెట్టె 1000. మూడూ ఒకేసారి వేస్తే 230 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు లాగుతాయి. దాంతో ఫ్యూజు పోతుంది. పోవాల్సిందే, దాని పనే అది.

అసలు తప్పు ఆ తర్వాతే జరుగుతోంది. మాటిమాటికీ పోతోందని ఒక పోగుకు బదులు రెండు మూడు పోగులు చుట్టేస్తారు. ఫ్యూజు తీగ దొరక్కపోతే మామూలు వైరులోంచి రాగి పోగు లాగి బిగిస్తారు. ఇక ఫ్యూజు పోదు. ఫ్యూజుకు బదులు గోడలోని వైరు కాగుతుంది. దాని పైతొడుగు ఎండి, పెళుసెక్కి, ఓ రోజు అంటుకుంటుంది. అప్పటిదాకా పైకి ఏమీ కనిపించదు.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. పాత బాక్సుల్లో ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌కూ ఫ్యూజు పెట్టేవారు. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోతే లైట్లు ఆరిపోతాయి, కానీ వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. 'కరెంటు లేదు కదా' అని చెయ్యి పెడితే అంతే సంగతులు. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు ఉండకూడదని నిబంధనలు చెబుతున్నది ఇందుకే.

ఎంసీబీ ఒక్కటీ పెడితే చాలా?

చాలదు. ఎంసీబీ ఓవర్‌లోడ్‌ను, షార్ట్ సర్క్యూట్‌ను ఆపుతుంది. మనిషికి షాక్ కొడితే మాత్రం అది కదలదు. ఎందుకంటే మనిషి ప్రాణం తీయడానికి ఆంపియర్లు అక్కర్లేదు, మిల్లీ ఆంపియర్లు చాలు. అక్కడ పనిచేసేది ఆర్‌సీసీబీ. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం ఇళ్లలో పెట్టే ఈ పరికరం 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ దాటకముందే ట్రిప్ కావాలి. బాగా తక్కువ లోడ్ ఉన్న కనెక్షన్లకే మినహాయింపు.

బాక్సు కొత్తదైనా వైరు పాతదైతే ముప్పు పోదు. సన్నటి పాత వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ బిగించడమంటే ఫ్యూజుకు మూడు పోగులు చుట్టడంతో సమానం. పాత వైర్లలో లీకేజీ ఉంటే ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతుంది. లీకేజీ ఎక్కడో వెతకకుండా దాన్నే తప్పించి డైరెక్ట్ కనెక్షన్ ఇచ్చేసే వాళ్లూ ఉన్నారు. అది కావలివాడు అరుస్తున్నాడని ఇంటికి పంపేయడమే.

చిక్కుముడి ఎక్కడంటే..

మీటరు వరకు బాధ్యత డిస్కంది. మీటరు దాటాక వినియోగదారుడిది. కాగితం మీద ఇది స్పష్టమే. కానీ కోఠిలో వినియోగదారుడు ఎవరు? మీటరు తాతగారి పేరు మీద ఉంటుంది, ఆస్తి వారసుల మధ్య పంపకం కాకుండా ఉంటుంది, ఉండేది కిరాయిదారు. ఏళ్లనాటి కిరాయికి ఖర్చు పెట్టడం దండగని ఓనర్ లెక్క. రేపు ఖాళీ చేయమంటే పెట్టిన డబ్బు పోతుందని కిరాయిదారు భయం. ఇద్దరి మధ్యా బాక్సు అలాగే ఉండిపోతోంది.

కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు వైరింగ్‌పై లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ ధ్రువీకరణ అడుగుతారు. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా ఇంటి లోపలి బాక్సు తెరిచి చూసే సందర్భం అరుదు. అలాంటి సందర్భాన్ని కల్పించడం పెద్ద కష్టమేమీ కాదు. లోడ్ పెంచమని అడిగినప్పుడు, మీటరు పేరు మారినప్పుడు, ఇల్లు షాపుగా మారి కమర్షియల్ కేటగిరీలోకి వచ్చినప్పుడు.. ఈ మూడు సమయాల్లో వైరింగ్ పరీక్ష రిపోర్టును గట్టిగా అడిగితే చాలు, కోఠి లాంటి చోట్ల సగం బాక్సులు బయటపడతాయి. ఖర్చు విషయంలో కిరాయి ఒప్పందంలోనే ఒక లైను రాసుకోవాలి. కిరాయిదారు పెడితే అద్దెలో తగ్గించుకునే వీలుంటే పేచీ ఉండదు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

బాక్సు దగ్గర కాలిన వాసన, చేతికి తగిలే వేడి, నల్లబడ్డ పింగాణీ, గీజరు వేయగానే మసకబారే లైట్లు.. ఇవి హెచ్చరికలు. సొంత రిపేర్లు వద్దు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో బాక్సుతో పాటు వైరు మందం, ఎర్తింగ్ కూడా చూపించాలి. ఐఎస్ఐ మార్కు ఉన్న పరికరాలే తీసుకోవాలి. ఆర్‌సీసీబీ మీదుండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. నొక్కితే పడిపోవాలి. లేదంటే అది ఉన్నా లేనట్టే. స్తంభం నుంచి మీటరు దాకా సమస్య ఉంటే 1912కు ఫోన్ చేయొచ్చు.

సామాను ట్రూప్ బజార్‌లో ఎప్పుడూ రెడీగానే ఉంది. అది పక్క గల్లీలోని మెట్ల కిందకు చేరడానికి ఇంకో ప్రమాదం జరగాల్సిన అవసరం లేదు.